షాక్ కొట్టదు సరే... కళ్ల సంగతేంటి?

బండి బ్యాటరీ దగ్గర గాయపడి ఆసుపత్రికి వచ్చినవాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది. ‘12 ఓల్టులే కద సార్, షాక్ కొట్టదన్నరు’. ఆ మాటలో అబద్ధం లేదు. కారు బ్యాటరీ రెండు టెర్మినళ్లను పొడి చేతులతో పట్టుకున్నా మనకు ఏమీ తెలియదు. చర్మం కరెంటును అడ్డుకుంటుంది. ఆ అడ్డు దాటించి, గుండెకు ముప్పు తెచ్చేంత కరెంటును ఒంట్లోకి తొయ్యడానికి 12 వోల్టుల బలం చాలదు. అదే ఇంట్లో ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. పిల్లాడు అటు వేలు పెట్టబోతే పరుగెత్తుకెళ్లి లాగేస్తాం. బండి బోనెట్ ఎత్తినప్పుడు మాత్రం చేతి ఉంగరం తీసి పక్కన పెట్టాలని కూడా తోచదు.

నా అభిప్రాయంలో చిక్కు అక్కడే ఉంది. కరెంటు అంటే షాక్ ఒక్కటే అనుకుంటాం. షాక్ కొట్టదని తెలియగానే మిగిలిన జాగ్రత్తలన్నీ వదిలేస్తాం. బండి బ్యాటరీ షాక్ కొట్టి చంపదు. అది వేలిని కాలుస్తుంది, కంట్లో యాసిడ్ చిమ్ముతుంది. ఈ రెండింటికీ వోల్టులు ఎన్ని అన్నదానితో పెద్దగా పని లేదు.

నేను జనరల్ మెడిసిన్ డాక్టరును. కాలిన గాయాలను సర్జరీ వాళ్లు, కళ్లను కంటి డాక్టర్లు చూస్తారు. కానీ క్యాజువాలిటీ డ్యూటీలో ఉన్నప్పుడు ఏ గాయమైనా ముందు మా టేబుల్ మీదికే వస్తుంది. దసరా ముందు రోజుల్లో, వానాకాలంలో, పిల్లల సెలవులకు ఊరెళ్లి వచ్చిన వారంలో ఇలాంటివి కనిపిస్తాయి. దసరాకు బండి కడిగి, బ్యాటరీ విప్పి తుడిచి, పసుపు కుంకుమ పెట్టడం మన దగ్గర దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నదే. ఊరెళ్లి వస్తే సెల్ఫ్ పట్టదు. ఇప్పుడు ఫోన్లో వీడియో చూసి ఎవరికి వారు పానా పట్టుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. సొంత బండి పని సొంతంగా చేసుకోవడం మంచి అలవాటే. ఆ వీడియోలు బోల్టు ఎటు తిప్పాలో చెబుతాయి కానీ, పానా జారితే ఏమవుతుందో చెప్పడం తక్కువ.

ఉంగరం చేసే పని

ఒక ఆదివారం ఓ ఉద్యోగి వచ్చారు. కారు బ్యాటరీ పాజిటివ్ బోల్టు విప్పుతున్నారట. పానా రెండో కొస కారు బాడీ రేకుకు తగిలింది. ఆ మధ్యలో ఆయన వేలి బంగారు ఉంగరం ఇరుక్కుంది. చిటికెడు సేపు. ‘పెద్దగా నొప్పి లేదు సార్, ఇంట్లోవాళ్లు పొమ్మంటే వచ్చిన’ అన్నారు. ఉంగరం ఉన్నచోట వేలి చుట్టూ తెల్లగా, తోలులా గట్టిపడిన కట్టు. నొప్పి లేకపోవడం అక్కడ మంచి కబురు కాదు. నొప్పిని చెప్పే నరాల కొసలు కూడా కాలిపోయేంత లోతుకు గాయం వెళ్లిందని అర్థం. పైగా వేలి చుట్టూ వలయంలా కాలితే, వాపు వచ్చేకొద్దీ ముందుభాగానికి రక్తం అందడం కష్టమవుతుంది. ఇలాంటి గాయానికి చర్మం అతికించాల్సి రావచ్చు. కొన్నిసార్లు వేలు కదలిక మునుపటిలా ఉండదు.

ఇంత వేడి ఎక్కడిది? కారు సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పడానికే 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత కరెంటు ఇవ్వడానికే ఆ బ్యాటరీని తయారు చేశారు. టెర్మినళ్ల మధ్య లోహం అడ్డం పడితే అది ఇంకా ఎక్కువే పారుతుంది. 500 ఆంపియర్లు అనుకోండి. 12తో గుణిస్తే 6,000 వాట్లు. మన బాత్రూంలో గీజరు 2,000 వాట్లు. మూడు గీజర్ల వేడిని పానా, ఉంగరం, బ్యాటరీ పంచుకుంటే, అందులో ఉంగరం వాటా ఎంతైనా సరే, లోపల ఉన్న వేలికి అది ఎక్కువే. బంగారం, వెండి, రాగి కరెంటును బాగా పారనిస్తాయి. వేడినీ అంతే తొందరగా చర్మానికి అందిస్తాయి. చేతి కడియం, స్టీలు పట్టీ గడియారం, ముందుకు వంగితే వేలాడే మెడ గొలుసు, గాజులు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసే పని చాలా ఇళ్లలో ఆడవాళ్లది. అదీ ఇదీ ఒకే జాతి బ్యాటరీ. వేలు ఉబ్బి ఉంగరం రాకపోతే సబ్బు నురగ పెట్టి తీయండి. అప్పటికీ రాకపోతే ఆ పని ఇంకొకరితో చేయించండి.

రెండో సంగతి, ఏ వైరు ముందు విప్పాలి. కారుకైనా బైకుకైనా నెగటివ్ ముందు. ఎందుకంటే బండి బాడీ మొత్తం నెగటివ్‌కే కలిపి ఉంటుంది. నెగటివ్ విప్పకుండా పాజిటివ్ దగ్గర పానా పెడితే, అది ఏ రేకుకు తగిలినా షార్ట్ అయినట్టే. నెగటివ్ విప్పేసి పక్కకు వంచి పెట్టాక, పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు దీనికి తిరగేసి: పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. ఎరుపు, నలుపు రంగులను గుడ్డిగా నమ్మకండి. ఎవరెవరో చేతులు పెట్టిన పాత బండిలో రెండూ నల్ల వైర్లే ఉండొచ్చు. బ్యాటరీ మీద అచ్చువేసిన గుర్తు చూడండి. అంతకుముందు తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలని చెప్పనక్కర్లేదనుకుంటాను. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్ ఆపాక కూడా ఉన్నట్టుండి తిరుగుతుంది. అటు వేళ్లు పెట్టకండి. స్టీరింగ్ దగ్గర పని ఉంటే, బ్యాటరీ వైరు తీశాక కూడా ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో కాసేపు కరెంటు మిగిలి ఉంటుంది. ఆ పని సర్వీస్ సెంటరుకు వదిలేయడమే మేలు.

కాలితే వెంటనే కుళాయి కింద చెయ్యి పెట్టండి. పారే మామూలు నీళ్లు, కనీసం 20 నిమిషాలు. నీళ్ల కింద పెట్టాక వేళ్లకున్నవన్నీ తీసేయండి. వాపు మొదలైతే మేము కత్తిరించాల్సి వస్తుంది. ఐసు వద్దు. టూత్‌పేస్టు, పసుపు, కాఫీ పొడి, సిరా వద్దు. వీటితో గాయం మానదు. ఎంత లోతుకు కాలిందో చూడాలంటే అదంతా మేము గీకి తీయాలి, ఆ బాధ కాలిన బాధ కంటే తక్కువేమీ కాదు. మధుమేహం ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గి ఉండొచ్చు, గాయం మానడమూ ఆలస్యమవుతుంది. అలాంటివాళ్లు చిన్న బొబ్బ అనుకున్నా చూపించుకోవాలి.

కంట్లో పడితే ముందు నీళ్లు

ఉంగరం గాయం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది కళ్లే. బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్, బరువులో మూడో వంతుకు పైగా. ఛార్జింగ్ అవుతున్నప్పుడు, ముఖ్యంగా చివరి దశలో, అందులోని నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆ రవ్వ ఎక్కడి నుంచి వస్తుంది? ఛార్జర్ స్విచ్ ఆపకుండా క్లిప్పు పీకినప్పుడు వస్తుంది. వదులుగా ఉన్న టెర్మినల్‌ను కదిపినప్పుడు వస్తుంది. నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూడాలని ఎవరో లైటర్ వెలిగిస్తారు. పేలుడు చిన్నదే కావచ్చు. కానీ ఆ సమయంలో మన ముఖం ఎక్కడ ఉంటుందో ఆలోచించండి, సరిగ్గా బ్యాటరీ మీద. ప్లాస్టిక్ ముక్కలు, యాసిడ్ కలిసి ముఖం మీదికే వస్తాయి. మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీ అయితే ఈ బెడద లేదనుకోవద్దు. దానికీ గాలి పోయే రంధ్రం ఉంటుంది.

పక్క బండి నుంచి జంపర్ కేబుల్ వేసేటప్పుడు ఇదే గొడవ. ఎర్ర కేబుల్‌తో రెండు బ్యాటరీల పాజిటివ్‌లు కలపాలి. నల్ల కేబుల్ ఒక కొస మంచి బ్యాటరీ నెగటివ్‌కు. రెండో కొసను మాత్రం చచ్చిన బ్యాటరీకి పెట్టకూడదు. దానికి దూరంగా ఇంజిన్ మీద రంగు లేని లోహపు భాగానికి తగిలించాలి. చివరి క్లిప్పు దగ్గర రవ్వ రావడం ఖాయం, అది గ్యాసు ఉన్నచోట రాకుండా చూడటమే ఇందులోని కిటుకు. తీసేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి. ఉబ్బిన బ్యాటరీకి, పగిలినదానికి జంపర్ వేయనే వద్దు. ఛార్జింగ్ దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే బ్యాటరీ ఓవర్ ఛార్జ్ అవుతోందన్నమాట. ఆ గ్యాసు విషం. తలుపులు తీసి బయటికి రండి. గోడ దగ్గరి స్విచ్ ఆపగలిగితే ఆపండి, బ్యాటరీ దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

ఇప్పుడు అసలు మాట. కంట్లో యాసిడ్ పడ్డ మనిషికి చూపు దక్కుతుందా లేదా అన్నది చాలావరకు మొదటి పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పది నిమిషాలు ఏ ఆసుపత్రి చేతిలోనూ లేవు. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, మంచి డాక్టర్లున్నారు. కానీ నర్సంపేటలోనో పరకాలలోనో యాసిడ్ పడితే ఇక్కడికి రావడానికి గంట. ఊళ్లోనే పడినా ఆటో దొరికి, ట్రాఫిక్ దాటి, చీటీ రాయించుకునేసరికి అరగంట. అంతసేపూ యాసిడ్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. కంటికి తడి గుడ్డ కట్టి, గబగబా బండెక్కించి తీసుకొస్తారు చాలామంది. ప్రేమతోనే చేస్తారు. కానీ గుడ్డ కట్టడం అంటే యాసిడ్‌ను లోపల మూసిపెట్టడమే.

కాబట్టి ముందు నీళ్లు, ఆ తర్వాతే ఆటో. కుళాయి, మగ్గు, నీళ్ల సీసా ఏది దగ్గరుంటే అది. మంచినీళ్లా బోరు నీళ్లా అని చూడొద్దు. పడ్డ కన్ను కిందివైపు ఉండేలా తల వంచి, రెప్పలను వేళ్లతో విప్పి పట్టి, ముక్కు వైపు నుంచి బయటికి నీళ్లు పొయ్యండి. అలా పోస్తే ఆ నీళ్లు రెండో కంట్లోకి పోవు. 20 నిమిషాలకు తక్కువ కాకుండా, వీలైతే అరగంట. గడియారం చూసుకోండి, ఎందుకంటే అలాంటప్పుడు రెండు నిమిషాలే 20 నిమిషాల్లా అనిపిస్తాయి. కాంటాక్ట్ లెన్సు ఉంటే తీసేయాలి. రోజ్‌వాటర్, చనుబాలు, ఆముదం, తేనె, తినే సోడా ఏదీ వద్దు. సోడాతో యాసిడ్ విరుగుతుందని బడిలో చదివిన పాఠం టెర్మినల్ తుడవడానికి పనికొస్తుంది, కంటికి కాదు. దారిలో కూడా సీసాతో పోస్తూ రండి. మీరు వచ్చాక మేమూ మొదట చేసేది అదే: సెలైన్ పెట్టి కడగడం, యాసిడ్ పోయిందో లేదో కాగితంతో పరీక్షించడం. ఆ తర్వాతే మందులు.

ముందుజాగ్రత్త అంటారా, హార్డ్‌వేర్ షాపులో వంద, రెండు వందల రూపాయల్లో దొరికే పక్కలు మూసి ఉన్న కళ్లద్దాలు. చదువుకునే కళ్లద్దాలకు పక్కలు తెరిచి ఉంటాయి. అయినా ఏమీ లేకపోవడం కంటే నయం. పని మొదలుపెట్టేముందు ఒక బకెట్ నీళ్లు, మగ్గు పక్కన పెట్టుకోండి. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడిని నోటితో ఊదకండి. ఆ పొడి యాసిడ్, సీసం కలిసి చేసినదే. నేరుగా కళ్లలోకీ ముక్కులోకీ వస్తుంది.

కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్

ఈ ఊరికి యాసిడ్ అంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన దాడిని వరంగల్ ఇంకా మరిచిపోలేదు. వాళ్లలో ఒక అమ్మాయి ఆ నెలాఖరులోనే కన్నుమూసింది. యాసిడ్ చిల్లర అమ్మకాల మీద 2013 జులైలో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. కొనేవారి వివరాలు రాసుకోవాలని, 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదని చెప్పింది. ఇంత జరిగినా, బ్యాటరీ యాసిడ్‌ను వాడేసిన కూల్‌డ్రింక్ సీసాలో పోసి చేతికివ్వడం ఆగలేదు. అది ఇంటికొచ్చి మెట్ల కింద కూర్చుంటుంది. డిస్టిల్డ్ వాటర్ సీసా పక్కన అది కూడా నీళ్లలాగే ఉంటుంది. ఎండలో ఆడి వచ్చిన పిల్లాడికో, చీకట్లో తడుముకుంటూ వచ్చిన తాతకో తేడా ఎలా తెలుస్తుంది?

తాగినవాళ్లకు చేయకూడని పని వాంతి చేయించడం. దిగేటప్పుడు ఒకసారి కాల్చిన అన్నవాహికను యాసిడ్ వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పచ్చి గుడ్డు తాగించకండి. నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మించి, 108కు ఫోన్ చేసి, ఆ సీసాను కూడా వెంట తీసుకురండి. ప్రాణం దక్కినా కొందరికి అన్నవాహిక సన్నబడిపోయి, మెత్తటి ముద్ద మింగడానికి కూడా నెలల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరగాల్సి వస్తుంది. బ్యాటరీకి యాసిడ్ అవసరమైతే అది షాపులోనే పోయించుకోవాలి. ఇంట్లో ఉండాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే, అదీ దాని సొంత డబ్బాలో. మన ఇంట్లో యాసిడ్ సీసా ఉండటానికి ఒక్క కారణం కూడా నాకు కనిపించదు.

సెల్లార్‌లో ఇంజిన్

ఇది కరెంటు సంగతి కాదనిపించొచ్చు, కానీ బ్యాటరీ డౌన్ అయినప్పుడే జరుగుతుంది. జంపర్ వేసి స్టార్ట్ చేశాక, ‘కాసేపు ఆన్‌లో ఉంచితే ఛార్జ్ అవుతుంది’ అని ఇంజిన్‌ను సెల్లార్ పార్కింగ్‌లోనో, షట్టర్ దించిన గ్యారేజీలోనో వదిలేస్తారు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన ఉండదు. తలనొప్పి, తిప్పడం, వాంతి, మత్తు. అది ఎండదెబ్బ అనో, తిన్నది పడలేదనో అనుకుంటారు. కరోనా తర్వాత చాలా ఇళ్లలో వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఉంది కదా, దాన్ని చూసి ‘98 ఉంది, ఏం కాదు’ అని ధైర్యపడతారు. ఆ యంత్రం ఆక్సిజన్ పట్టుకున్న రక్తకణానికి, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్నదానికి తేడా చెప్పలేదు. అంకె బాగానే ఉంటుంది, మనిషి మాత్రం కుప్పకూలతాడు. ఇంజిన్ తిప్పాలంటే బండిని ఆరుబయటికి తోయండి. సెల్లార్‌లో ఎవరికైనా ఈ లక్షణాలు కనిపిస్తే బయటి గాలికి తీసుకొచ్చి, ఆసుపత్రిలో ‘బండి పొగ పీల్చారు’ అని మొదటి మాటగా చెప్పండి.

వరదలో మునిగిన బండి గురించి కూడా ఇక్కడే చెబుతాను. 2023 జులై ఆఖరి వారంలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు ఇంటి ముందు బండ్లన్నీ నీళ్లపాలయ్యాయి. నీళ్లు తీయగానే అందరికీ కలిగే ఆత్రం ఒకటే, స్టార్ట్ అవుతుందా లేదా అని. తాళం తిప్పకండి. నెగటివ్ వైరు తీసి, తోయించుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎలక్ట్రిక్ స్కూటర్ మునిగితే దాన్ని ఛార్జింగ్ పెట్టకూడదు, ఇంట్లో పెట్టకూడదు. లోపలికి నీరు చేరిన లిథియం బ్యాటరీ ఆ రోజు బాగానే ఉండి, కొన్ని రోజుల తర్వాత అంటుకోవచ్చు.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వెయ్యాలి. సిగరెట్ పెట్టె రేకు చుట్టడం, దొరికిన రాగి తీగ బిగించడం ఆపద తెచ్చుకోవడమే. ఫ్యూజు ఊరికే పోదు. ఎక్కడో వైరు ఒరుసుకుపోయి ఉంటుంది, ఎలుక కొరికి ఉంటుంది, లేదా మనం పెట్టించిన పెద్ద హారనూ, కళ్లు చెదిరే లైట్లూ ఆ సన్నటి వైరు మొయ్యలేకపోతూ ఉంటుంది. రేకు చుట్టిననాడు ఫ్యూజు బదులు వైరే కాలుతుంది. పెట్రోలు పైపు దానికి పక్కనే ఉంటుంది.

ఎలక్ట్రిక్ బండికి ఈ మాట చెల్లదు

ఇంతవరకు చెప్పిందంతా 12 వోల్టుల సంగతి. ఎలక్ట్రిక్ స్కూటర్లలో 48, 60, 72 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. కార్లలో 300 దాటి ఉంటుంది. నేరు కరెంటులో 60 వోల్టులు దాటితే అపాయకరమని అంతర్జాతీయ నిబంధనలు లెక్కిస్తాయి. అంటే ‘షాక్ కొట్టదు’ అన్న ధీమా కూడా ఇక్కడ లేదు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తొడుగున్న లావు కేబుళ్లు కనిపిస్తే, అవి చంపగల కరెంటు మోస్తున్నాయని గుర్తు. అందులో శిక్షణ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, ఎంత అనుభవం ఉన్న పాత మెకానిక్ అయినా సరే.

మన దగ్గర జరిగినవే చూడండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ రాత్రిపూట పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. అదే వారంలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయారు, కుటుంబసభ్యులు గాయపడ్డారు. ఆ సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, పైన ఉన్న హోటల్లో 8 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రత ప్రమాణాలను కఠినం చేసింది. 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి వచ్చాయి. మంచి పనే. అయితే అంతకుముందు కొన్న బండ్లు, తర్వాత బయట ఎవరో విప్పి సెల్స్ మార్చిన బ్యాటరీలు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నాయి.

నిజామాబాద్, విజయవాడ ఘటనలు రెండింటిలోనూ బ్యాటరీ ఉన్నది మనుషులు పడుకున్న ఇంట్లో. పెట్రోలు డబ్బాను మంచం పక్కన పెట్టుకుని ఎవరైనా పడుకుంటారా? లిథియం బ్యాటరీ అంటుకుంటే మంట కంటే ముందు దట్టమైన విషపు పొగ నింపేస్తుంది. నిద్రలో ఉన్నవాళ్లకు లేచే వ్యవధి ఉండదు. పడకగదిలో, బయటికి వెళ్లే దారిలో, మెట్ల కింద ఛార్జింగ్ పెట్టకండి. రాత్రంతా వదిలేయకండి. ఎండలో తిరిగొచ్చిన బండి చల్లబడ్డాక పెట్టండి. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. బ్యాటరీ ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, వింత వాసన వచ్చినా, ఛార్జింగ్ ఆపి సర్వీసు వాళ్లకు చెప్పండి. పొగ మొదలైతే మాత్రం దాని దగ్గరికి వెళ్లకండి. ఇంట్లోవాళ్లను బయటికి తెచ్చి 101కు ఫోన్ చేయండి. స్కూటర్ పోతే పోయింది.

పోతే, గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవాళ్లు నడుస్తున్న ఇంజిన్ మీదికి వంగి పని చేయొద్దు. ఇగ్నిషన్ కాయిల్ దగ్గర వేల వోల్టులు పుడతాయి. ఆ చుట్టుపక్కలకు ఛాతీని కనీసం ఒక అడుగు దూరంలో ఉంచాలి. జంపర్ కేబుల్ పని ఇంకొకరికి అప్పగించాలి. మా ఓపీలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు సెల్‌ఫోన్ గురించి అడుగుతారు, మైక్రోవేవ్ గురించి అడుగుతారు. బండి గురించి ఎవరూ అడగరు.

ఆ పిల్లగాడి కళ్లు

ఇదంతా చదివి ‘మాకెందుకండీ, మెకానిక్ చేస్తాడు’ అనేవాళ్లే మనలో ఎక్కువ. మనం చెట్టు నీడన కుర్చీలో కూర్చుంటాం. ఎవరో ఒక పిల్లగాడు వట్టి చేతులతో బ్యాటరీ ఎత్తి, ఛాతీకి ఆనించుకుని మోసుకొస్తాడు. కళ్లద్దాలు ఉండవు. చొక్కా మీద యాసిడ్ తిన్న చిల్లులు ఉంటాయి. చిల్లు పడ్డ చొక్కాను చూసి, చిల్లు పడని కంటి గురించి మనం ఆలోచించం. 14 ఏళ్లలోపు పిల్లలను ఇలాంటి చోట పనిలో పెట్టుకోవడం 2016 నాటి చట్ట సవరణ తర్వాత పూర్తిగా నేరం. 18 దాటినవాడైనా కన్ను కన్నే. వాడి సంపాదన మీద ఇల్లు నడుస్తూ ఉండొచ్చు. ఒక కన్ను పోతే ఆ పనిలో వాడిని మళ్లీ ఎవరు పెట్టుకుంటారు?

యజమానిదే బాధ్యత అంటే నేనూ ఒప్పుకుంటాను. కార్మిక శాఖ చూడాలన్నా ఒప్పుకుంటాను. కానీ ఆ షాపులో మాట చెల్లేది డబ్బులిచ్చే మనది. బ్రేకు సరిగ్గా పట్టకపోతే నాలుగుసార్లు తిరిగి వెళ్లి గొడవ చేస్తాం కదా. ‘తమ్మీ, అద్దాలు పెట్టుకుని విప్పు, ఆ కడియం తీసెయ్యి’ అని ఒక మాట అనడానికి ఏం పోతుంది? ఓనరు నవ్వుతాడు. నవ్వనివ్వండి. పది మంది అడిగితే పదకొండో రోజుకు మేకుకు ఒక జత అద్దాలు వేలాడతాయి. అక్కడే ఒక కుళాయి, ఒక మగ్గు ఉన్నాయో లేదో కూడా చూడండి. బ్యాటరీలు ఛార్జ్ చేసే షాపులో చేతికి అందే దూరంలో నీళ్లు లేకపోతే అక్కడ బండి పెట్టకపోవడమే మంచిదని నేనంటాను. వరంగల్ ఆటోనగర్‌కైనా, మీ వీధి చివరి షెడ్డుకైనా అదే మాట.

పాత బ్యాటరీని బాల్కనీలో పెట్టి, ఎక్కువ ధర ఇచ్చే పాత సామాన్లవాడి కోసం చూడకండి. లోపల సీసం ఉంటుంది, అది పిల్లల మెదడు ఎదుగుదలకు చేటు. కొత్తది కొన్నచోటే పాతది ఇచ్చేయండి. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. బ్యాటరీ ముట్టుకున్న చేతులతో టిఫిన్‌కు కూర్చోకుండా సబ్బుతో కడుక్కోండి. ఆ పనిలో వేసుకున్న బట్టలను పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి.